నీటి దారి వెంట: ఒక ఔట్‌బోర్డ్ మోటారు మరమ్మతు డైరీ

మొదటి రోజు

మోటారును పడవ వెనుక పలక మీద నుంచి విప్పి తెచ్చి చెక్క స్టాండుకు బిగించాను. 15 హార్స్‌పవర్, రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్, తాడు లాగి స్టార్ట్ చేసే రకం. ఎక్కువ కాలం ఉప్పునీటిలో తిరిగింది. నడిపినాయన చెప్పిన కథ చిన్నదే. పూర్తి వేగంతో వెళ్తుండగా బలం తగ్గిందట, కాలిన వాసన వచ్చిందట, ఆయన ఆపేలోపే అదే ఆగిందట. గంటసేపు చల్లబడ్డాక మళ్లీ స్టార్ట్ అయింది కానీ కుంటుతూ నడిచింది. ఒడ్డు చేరాక ఆయన మళ్లీ తాడు ముట్టుకోలేదు. ఆ నిగ్రహమే ఈ ఇంజనును బతికించిందని నా నమ్మకం.

ఇలాంటి మోటారు చేతికి రాగానే తాడు ఒకసారి గట్టిగా లాగి చూడాలనిపిస్తుంది. లాగకూడదు. సిలిండర్లో నీళ్లు నిలిచి ఉంటే, నీరు నలగదు కాబట్టి, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. ముందు రెండు స్పార్క్ ప్లగ్గులూ తీసి ఫ్లైవీల్‌ను చేత్తో మెల్లగా తిప్పాను. తిరిగింది. పట్టేయలేదన్న ధైర్యం వచ్చింది. పై సిలిండర్ ప్లగ్ రంధ్రం నుంచి మాత్రం నాలుగైదు చుక్కల తుప్పునీరు కారింది.

తర్వాత కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలి నలిగే ఒత్తిడి, చూశాను. ఇగ్నిషన్ కట్ చేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, గేజ్ ముల్లు ఇక పైకి కదలదనే దాకా తాడు లాగాను. కింది సిలిండర్ 112 పీఎస్‌ఐ, పై సిలిండర్ 78. రెండింటి మధ్య పది పదిహేను శాతం తేడా ఉంటే సర్దుకోవచ్చు. ఇది ముప్పై శాతం. కారు ఇంజనులో అయితే ఇక్కడ చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలిచి, లోపం పిస్టన్ రింగులదా, సిలిండర్ మూత కింది గాస్కెట్‌దా అని తేల్చుకుంటారు. ఔట్‌బోర్డ్‌లో సిలిండర్లు అడ్డంగా పడుకుని ఉంటాయి. పోసిన ఆయిల్ కింది వైపే చేరుతుంది, రింగు చుట్టూ పరుచుకోదు. అందుకే ఆ పరీక్ష మీద నాకు గురి లేదు. ఆ మూతను, అంటే హెడ్‌ను, విప్పి కళ్లతో చూడటమే మేలు.

చీకటి పడేముందు ప్రొపెల్లర్‌ను తిప్పే గేర్లుండే గేర్ కేసు కింది బిరడా విప్పాను. ముందు ఒక గుక్కెడు నీరు, ఆ వెనుక చిలికిన మజ్జిగలా తెల్లబడిన ఆయిల్. అంటే రెండు వేర్వేరు జబ్బులు. ఇంజనును చల్లార్చాల్సిన నీరు పైకి చేరలేదు. చేరకూడని నీరు గేర్లలోకి చేరింది. మిగతా పనంతా నీటి దారిని కింది నుంచి పైదాకా వెతుక్కుంటూ వెళ్లడమే.

రెండో రోజు

ప్రొపెల్లర్ స్ప్లిట్ పిన్ తీసి, నట్టు విప్పి, హబ్‌ను బయటకు లాగేసరికి గేర్లలోకి నీరెలా వచ్చిందో తెలిసిపోయింది. షాఫ్ట్ చుట్టూ నైలాన్ చేపల తీగ. పై వరుసలు దారపు ఉండలా వదులుగా ఉన్నాయి. లోపలి వరుసలు వేడికి కరిగి ఒకదానికొకటి అంటుకుని గట్టి ఉంగరంలా తయారయ్యాయి. ఆ ఉంగరం ఆయిల్ సీల్ పెదవి కిందికి దూరి దాన్ని ఒక పక్క కోసేసింది. షాఫ్ట్ మీద గోరు పెట్టి లాగితే గోరు ఆగేంత గాడి కూడా పడింది. తీగను కత్తితో కోయకుండా, పటకారుతో మెలికలు విప్పుతూ తీశాను. కత్తి జారితే సీల్ నడిచే నున్నటి చోట గీత పడుతుంది. విప్పి పరిచి చూస్తే మూడు బారల పొడవుంది. ఇంత సన్నని తీగ ఇంత పని చేస్తుందని చేత్తో తీసేదాకా మనసుకెక్కదు.

గేర్ రాడ్డు విడదీసి, కింది యూనిట్‌ను పట్టుకునే బోల్టులు విప్పి, డ్రైవ్ షాఫ్ట్‌తో సహా కిందికి దించాను. నీటి పంపు ఆ షాఫ్ట్ మీదే ఉంటుంది. పంపు కప్పు ఎత్తాను. నీటిని తోసే రబ్బరు చక్రం, ఇంపెల్లర్‌కు ఉండాల్సిన ఆరు రెక్కల్లో రెండే మిగిలాయి. ఆ రెండూ ఒకే వైపుకు వంగి, అలాగే బిగుసుకుపోయి ఉన్నాయి. మిగతా నాలుగూ మొదట్లోనే తెగిపోయాయి.

కొత్త ఇంపెల్లర్ వేసి మూసేయడం ఈ దశలో చాలామంది చేసే పని. తెగిన రెక్కలు ఎక్కడికి పోయాయని అడగకుండా మూసేస్తే కొత్త పంపు ఎంత బలంగా తోసినా నీరు వెళ్లదు. పంపు కప్పులో మూడు ముక్కలు, పైకి వెళ్లే రాగి గొట్టంలో రెండు దొరికాయి. తెల్ల కాగితం మీద పాత ఇంపెల్లర్‌ను పెట్టి, పగిలిన గాజు ముక్కలు అతికించినట్టు ఒక్కో ముక్కనూ దాని రెక్క మొదలు దగ్గర ఆనించి చూశాను. మూడు రెక్కలు పూర్తయ్యాయి. నాలుగో రెక్కలో సగం తక్కువ. ఆ సగం ఇంజనులోనే ఎక్కడో ఉంది.

మూడో రోజు నుంచి ఐదో రోజు దాకా

మూడు రోజులూ ఒక్క బోల్టుకే పోయాయి.

హెడ్ బోల్టులు విప్పడం మొదలుపెట్టాను. మొదటి నాలుగూ చిటుక్కుమని చప్పుడు చేసి కదిలాయి. ఐదోది కదలకుండా మెత్తగా మెలితిరిగింది. ఆ మెత్తదనం స్పానర్ పట్టిన చేతికి తెలుస్తుంది. తెలిసిన క్షణంలోనే ఆపి ఉండాల్సింది. ఇంకో పావు చుట్టు తిప్పాను. తల ఊడి వచ్చింది.

ఉక్కు బోల్టు, అల్యూమినియం బ్లాకు, మధ్యలో ఉప్పునీరు. ఈ మూడూ కలిస్తే చిన్న బ్యాటరీ తయారైనట్టే. అందులో కరిగిపోయేది అల్యూమినియం. అలా కరిగిన లోహం తెల్లటి పొడిగా మారి మరల మధ్య గట్టిపడుతుంది. పొడికి ముందున్న లోహం కన్నా ఎక్కువ చోటు కావాలి కాబట్టి బోల్టును నలువైపుల నుంచీ నొక్కి పడుతుంది. ఎంత నూనె పోసినా దాని గుండా ఒక పట్టాన ఇంకదు.

మిగిలిన బోల్టుల జోలికి వెళ్లకుండా ముందు వాటి చుట్టూ గ్యాస్ మంటతో బ్లాకును వేడి చేశాను. ఒకే వేడికి అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. రంధ్రం కాస్త వదులవుతుంది. చల్లారేటప్పుడు తుప్పు వదిలించే నూనె వేస్తే పగుళ్లలోకి లాక్కుంటుంది. మంట పెట్టేముందు పెట్రోలు ట్యాంకు, పైపులు, కార్బురేటర్ అన్నీ విప్పి దూరంగా పెట్టాను. వేడి, నూనె, విరామం, మళ్లీ వేడి. విప్పేటప్పుడు కూడా ఒకే దిక్కుకు బలం పెట్టకుండా, కాస్త బిగించి కాస్త విప్పుతూ వెళ్లాను. ఇంకేదీ విరగలేదు.

హెడ్ ఊడి వచ్చాక విరిగిన బోల్టు మొండెం బ్లాకు పైన 4 మిల్లీమీటర్లు మిగిలింది. దానిమీద నట్టు పెట్టి, నట్టు రంధ్రం గుండా వెల్డింగ్ చేయించాలి. వెల్డింగ్ చేసే పెద్దాయన ముందుగా సిలిండర్లలో తడి గుడ్డలు కుక్కించారు. మొదటి నట్టు అతుకు దగ్గర ఊడిపోయింది. నేను వెంటనే ఇంకొకటి అందించబోతే ఆపారు.

"తొందర పడకండి బాబూ. ఎర్రదనం పోయి నల్లగా తిరగనివ్వండి. చేయి పెట్టగలిగేంత చల్లారాక పట్టుకుంటేనే అది వింటుంది."

రెండో నట్టు చల్లారేదాకా ఇద్దరం మాట్లాడకుండా కూర్చున్నాం. తర్వాత ఆయన స్పానర్ నాకే ఇచ్చారు. ముందు బిగించే వైపు కొద్దిగా, తర్వాత విప్పే వైపు కొద్దిగా. మూడోసారికి సన్నగా కీచుమంది. నాలుగోసారికి మర చుట్టూ తెల్లటి పొడి సున్నంలా రాలింది. ఆ కీచు శబ్దం విన్నప్పుడు కలిగిన ఆనందం ఇంజను స్టార్ట్ అయినప్పుడు కూడా కలగదేమో. రంధ్రంలో మరలు కోసే ట్యాప్ నడిపి మరలు శుభ్రం చేశాను. పాత మరలే బాగున్నాయి.

ఆరో రోజు

హెడ్ గాస్కెట్ తన కథ తానే చెప్పింది. పై సిలిండర్‌కూ పక్కనున్న నీటి కాలువకూ మధ్య చిటికెన వేలి వెడల్పున కాలి, పొరలు విడిపోయి ఉంది. పై పిస్టన్ తల మీద మిగతా భాగమంతా నల్లటి మసి. ఆ చోటికి ఎదురుగా మాత్రం కడిగినట్టు మెరుస్తోంది. లీకైన నీరు ఆవిరై మసిని ఒలిచేసింది. ఇలా ఒక మూల శుభ్రంగా ఉన్న పిస్టన్‌ను చూసి మురిసిపోకూడదు, నీరు ఎక్కడి నుంచి వచ్చిందో వెతకాలి.

పై సిలిండరే ఎందుకు దెబ్బతిన్నదంటే, నీరు కింది నుంచి ఎక్కి వస్తుంది. పంపు నీరసిస్తే ముందు ఎండిపోయేది పై భాగమే.

వేడిని బట్టి నీటి దారి తెరిచే థర్మోస్టాట్ మూత విప్పగానే తప్పిపోయిన సగం రెక్క కనిపించింది. నీరు బయటకు వెళ్లే దారికి అడ్డంగా, వేడికి ఉడికి, గుండ్రంగా ముడుచుకుపోయి ఉంది. కాగితం మీద పెట్టి చూస్తే నాలుగో రెక్క అతికినట్టు పూర్తయింది. ఇప్పుడు లెక్క సరిపోయింది.

ఇక పెద్ద నిర్ణయం. క్రాంక్ కేసు విడదీసి పిస్టన్లు బయటకు తీయాలా? సిలిండర్ గోడ మీద ఎగ్జాస్ట్ వైపు పిస్టన్ అల్యూమినియం పలచగా పూసుకున్న మరకలు రెండు ఉన్నాయి. గోరుకు తగిలే గీతలు లేవు. ఎగ్జాస్ట్ కవరు విప్పి, సిలిండర్ గోడలోని పోర్టు రంధ్రంలోంచి రింగులను మొద్దు చెక్కపుల్లతో నొక్కి చూశాను. రెండు సిలిండర్లలోనూ స్ప్రింగులా వెనక్కి వచ్చాయి. ఇరుక్కుని లేవు. బోరు వ్యాసం 56 మిల్లీమీటర్లు. మూడు ఎత్తుల్లో, ఒక్కోచోట రెండు దిక్కుల్లో కొలిస్తే ఎక్కడా 0.03 మిల్లీమీటర్లకు మించి తేడా రాలేదు. ఈ మూడూ చూశాక విడదీయకూడదని నిశ్చయించుకున్నాను. బాగా నడుస్తున్న బేరింగులను చూడటానికని కదపడం నాకు ఇష్టం లేదు. పిస్టన్‌ను కిందికి దించి, ఆయిల్‌లో తడిపిన సన్నని గరుకు కాగితంతో మరకలు పోయేదాకా చేత్తో రుద్ది, పొడి అంతా తుడిచేశాను. కింద పోర్టుల్లోకి జారకుండా గుడ్డలు కుక్కే చేశాను.

హెడ్ మీద ఉక్కు స్కేలు అంచు ఆనించి సన్నని రేకుల ఫీలర్ గేజ్ దూరిస్తే పై సిలిండర్ పక్కన 0.12 మిల్లీమీటర్లు దూరింది. పరిమితి 0.1. దళసరి గాజు పలక మీద 400 నంబరు గరుకు కాగితం పరిచి, తడిపి, హెడ్ ముఖమంతా మార్కర్ పెన్నుతో గళ్లు గీసి, ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ రుద్దాను. నాలుగు వేళ్లూ మధ్యలోనే ఉంచాలి, అంచు మీద బరువు వేస్తే అంచు అరుగుతుంది. యాభై చుట్లకు ఒకసారి తుడిచి చూసేవాణ్ణి. గళ్లు ముందు రెండు కొసలా చెరిగాయి, ఆ తర్వాత కింది సిలిండర్ చుట్టూ. కాలిన చోట ఒక ద్వీపంలా కొంత సిరా చాలాసేపు మిగిలింది. అది కూడా మసకబారి మాయమయ్యేసరికి గంటన్నర పట్టింది. గేజ్‌లో అతి సన్నని ఆకు కూడా దూరలేదు.

ఏడో, ఎనిమిదో రోజులు

గేర్ కేసు. ప్రొపెల్లర్ షాఫ్ట్ బేరింగ్ ఉండే హౌసింగ్ ఉప్పుతో అంటుకుపోయింది, పుల్లర్ వేసి వేడి పెడితే గానీ కదలలేదు. గేర్ పళ్లు బాగున్నాయి. చిన్న గేరు పినియన్‌కు 13, ముందు గేరుకు 27 పళ్లు. వెనుక బేరింగు తిప్పితే గరగరలాడింది, మార్చాను. గేరును పట్టి షాఫ్ట్‌ను తిప్పే డాగ్ క్లచ్ మూలలు కొద్దిగా గుండ్రబడ్డాయి. గేరు మెల్లగా, సుతారంగా వేస్తే మేలని చాలామంది అనుకుంటారు. నిజానికి అలా వేసేటప్పుడే ఆ మూలలు ఒకదానిమీద ఒకటి టకటకా జారి అరిగిపోతాయి. ఇంజను ఐడిల్‌లో ఉండాలి, గేరు ఒక్క ఊపులో పడాలి. ఈ మాట పడవ నడిపినాయనకు తప్పక చెప్పాలి.

షాఫ్ట్ మీద గాడి పడిన చోటే కొత్త సీల్ పెదవి కూర్చుంటే మళ్లీ కారుతుంది. హౌసింగ్‌లో రెండు సీళ్లు వీపు వీపు ఆనించి ఉంటాయి. ఒకటి ఆయిల్ బయటకు పోకుండా, ఇంకొకటి నీరు లోపలికి రాకుండా. ఆ జతను పాత చోటు కన్నా ఒకటిన్నర మిల్లీమీటరు లోతుగా కూర్చోబెట్టాను. పెదవి ఇప్పుడు అరగని చోట నడుస్తుంది.

మూసేశాక ఆయిల్ పోయకముందే గాలి పరీక్ష. పై బిరడా రంధ్రానికి చేతిపంపు బిగించి 10 పీఎస్‌ఐ ఎక్కించాను. ముల్లు మెల్లగా దిగింది. సబ్బునీరు పూస్తే కొత్త సీళ్ల దగ్గర ఏమీ లేదు. గేరు రాడ్డు దిగే చోట సన్నని బుడగలు. అక్కడి చిన్న రబ్బరు రింగు గట్టిపడి పగిలింది. అది మార్చాక పదిహేను నిమిషాలు ముల్లు కదలలేదు. తర్వాత అదే పంపుతో గాలి వెనక్కి లాగి కూడా చూశాను. నడిచి వేడెక్కిన గేర్ కేసు ఇంజను ఆపగానే నీటిలో చల్లారుతుంది, లోపలి గాలి కుంచించుకుని నీటిని లోపలికి పీలుస్తుంది. తోపుకు నిలిచిన సీలు పీల్పుకు నిలవకపోవచ్చు.

ఆయిల్ కింది రంధ్రం నుంచే ఎక్కించాలి, పై రంధ్రంలో బుడగలు లేకుండా పొర్లేదాకా. పై నుంచి పోస్తే గాలి కింద చిక్కుకుపోతుంది, సగం నిండగానే నిండినట్టు కనిపిస్తుంది.

జింక్ ముక్క దాదాపు తరిగిపోయింది, పైగా ఎవరో దానిమీద రంగు వేశారు. రంగు వేసిన జింక్ ఉన్నా లేనట్టే, నీరు తగలకపోతే అది పని చేయదు. 1824లో హంఫ్రీ డేవీ ఓడల అడుగున కొట్టే రాగి రేకులు కరగకుండా వాటికి జింక్, ఇనుప ముక్కలు తగిలించి చూపారు. తాను కరిగి పక్క లోహాన్ని కాపాడే ఆ ఉపాయమే ఈ వేలెడంత ముక్కలోనూ ఉంది. రంగు పూర్తిగా గీకిన మెరిసే లోహం మీద కొత్తది బిగించాను.

తొమ్మిదో రోజు

కొత్త ఇంపెల్లర్, స్టీలు కప్పు, కింది పలక, అర్ధచంద్రాకారపు కీ. కప్పు దించేటప్పుడు షాఫ్ట్‌ను గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పుతూ దించాను, రెక్కలు నడిచే వైపుకే వంగేలా. థర్మోస్టాట్‌ను దారంతో కట్టి గిన్నెలో నీళ్లతో వేడిచేస్తే 52 డిగ్రీల దగ్గర నోరు తెరిచింది. ఔట్‌బోర్డ్ థర్మోస్టాట్ కారుదాని కన్నా చాలా తక్కువ వేడికే తెరుచుకుంటుంది. ఉప్పునీరు ఎక్కువ వేడెక్కితే కాలువల్లో పెచ్చు కడుతుంది. కార్బురేటర్ కడిగి జెట్లు ఊదాను. స్పార్క్ రెండింటికీ నీలంగా, బలంగా ఉంది. వీటి గురించి చెప్పడానికి ఇంతకన్నా ఏమీ లేదు.

హెడ్ బోల్టులకు మరల మీద సముద్రపు నీటికి తట్టుకునే గ్రీజు పూసి, మధ్య నుంచి బయటికి వరుస క్రమంలో ముందు 15, తర్వాత 30 న్యూటన్ మీటర్లకు బిగించాను. కింది యూనిట్ ఎక్కించేటప్పుడు డ్రైవ్ షాఫ్ట్ పళ్ల పక్కలకే గ్రీజు రాయాలి, నెత్తిన రాయకూడదు. నెత్తిన పెట్టిన గ్రీజు తప్పించుకునే దారి లేక క్రాంక్‌ను పైకి తోస్తుంది.

కంప్రెషన్ ఇప్పుడు పైన 114, కింద 116.

పదో రోజు

ఆరుబయట పెద్ద డ్రమ్ములో, నీరు ప్రొపెల్లర్ పైనున్న పలక కన్నా పైకి వచ్చేలా నింపాను. మూసిన షెడ్డులో ఇంజను నడపకూడదు, ఎగ్జాస్ట్‌లోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. మొదటి ట్యాంకుకు లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల ఆయిల్ కలిపాను. మామూలుగా 20 సరిపోతుంది, కానీ రుద్దిన సిలిండర్ కదా.

మూడో లాగుకు పట్టుకుంది. చూపంతా పక్కన నీరు బయటకు వచ్చే సన్నని రంధ్రం మీదే పెట్టాను. ఐదారు క్షణాలకు ఒక తుంపర, ఆపై వేలంత ధార. అయితే ధార చూసి సంతృప్తి పడలేదు. ఆ ధార పంపు పని చేస్తోందనే చెబుతుంది, హెడ్ చల్లగా ఉందని చెప్పదు. చాలా మోటార్లలో ఆ నీరు థర్మోస్టాట్ దాకా వెళ్లకముందే బయటకు వస్తుంది. అందుకే హెడ్ మీద ఉష్ణోగ్రత కొలిచే గన్ను పెట్టి నిమిషానికోసారి రాసుకున్నాను. పది నిమిషాలకు పైన 57, కింద 55. ఇరవై నిమిషాలకూ అంతే. రెండు డిగ్రీల తేడా. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

పూర్తిగా చల్లారాక హెడ్ బోల్టులు మళ్లీ చూశాను. రెండు కొద్దిగా బిగింపు తీసుకున్నాయి.

పన్నెండో రోజు

పడవ మీద. ఇంజను ఆపే తాడు మణికట్టుకు. మొదటి గంట సగం వేగం దాటలేదు, అది కూడా ఒకే వేగంతో కాకుండా మారుస్తూ నడిపాను. చివర్లో ఒక నిమిషం పూర్తిగా తెరిస్తే నిమిషానికి 5,200 చుట్లు. గేర్ల లెక్కలో ప్రొపెల్లర్‌కు 2,500. నడిపినాయన పక్కనే కూర్చుని, ముందుకు చూడకుండా వెనక్కి తిరిగి నీటి ధారనే చూస్తున్నారు. "అప్పుడు ఇది ఉందో లేదో నేను చూడనే లేదండీ" అన్నారు.

ఒడ్డుకు వచ్చాక మంచినీటితో కడిగి, ప్రొపెల్లర్ తీసి చూశాను. తీగ లేదు. కింది బిరడా సగం చుట్టు వదులు చేసి ఒక చుక్క ఆయిల్ వేలి మీదికి తీసుకున్నాను. తేనె రంగులో, పారదర్శకంగా, వేలిముద్ర గీతలు కనిపించేలా ఉంది. పది గంటలు నడిచాక మళ్లీ ఇదే చుక్క చూడాలి. ఆయన తన ఫోనులో ఆ మాట రాసుకున్నారు, రబ్బరు ముక్కలు పేర్చిన కాగితం కూడా అడిగి తీసుకెళ్లారు.